బియ్యంలో పీచు ఎంత? - ఆహార పట్టికలూ, వాటి వివరణ లంకెలూ

నూరు గ్రాముల పాలిషు బియ్యంలో పీచు ఎంత ఉన్నదని అడిగితే, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణను ఆనుకొని ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గ్రంథాలు రెండు సమాధానాలు చెబుతాయి. 1971 నాటి గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్‌ల గ్రంథం ప్రకారం 0.2 గ్రాము. 2017లో లాంగ్వా, అనంతన్, భాస్కరాచారి, వెంకయ్య గార్లు వెలువరించిన భారతీయ ఆహార సంఘటన పట్టికల ప్రకారం 2.81 గ్రాములు. అనగా పదునాలుగు రెట్లు! వరి మారలేదు, కొలత మారింది. పూర్వం ఆహారాన్ని ఆమ్లంలోనూ, తరువాత క్షారంలోనూ మరిగించి, మిగిలిన దానిని తూచేవారు. అది ముడి పీచు. ఈ పద్ధతిలో కరిగే పీచు దాదాపు అంతా కొట్టుకుపోతుంది. ఇప్పుడు ఎంజైములతో పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను తొలగించి, జీర్ణం కాని భాగాన్నంతటినీ లెక్కిస్తున్నారు. ఇది మొత్తం ఆహారపు పీచు. రెండు సంఖ్యలూ సరియైనవే, కాని రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

పుస్తకం చేతిలో ఉన్నంతకాలం చిక్కు లేదు. ముందు పుటలు తిప్పితే పద్ధతి తెలుస్తుంది. చిక్కంతా ఆ పట్టిక కంప్యూటరు దస్త్రంగా మారినప్పుడు వస్తుంది. సమాచారాన్ని ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పంపడానికి అక్షరాల వరుసగా పేర్చడాన్ని సీరియలైజేషన్ అంటారు. ఈ పని చేసిపెట్టే కోడ్ లైబ్రరీలు నేడు కొల్లలు. వీటిలో బాగా వాడుకలో ఉన్న జేసన్ అనే రూపంలో వ్యాఖ్య వ్రాసుకొనే అవకాశమే లేదు. పేరు, దాని ప్రక్కన విలువ - అంతే. "శక్తి: 1491" అని ఉంటుంది. అది కిలోజౌళ్ళలో ఉన్నదని అంకె చెప్పదు. 2017 పట్టిక శక్తిని కిలోజౌళ్ళలోనే ఇచ్చింది, 4.184తో భాగిస్తే సుమారు 356 కిలోకాలరీలు. ఈ సంగతి తెలియని విద్యార్థి 1491ని కిలోకాలరీలు అనుకొని రోజుకు 2000 కిలోకాలరీల భోజనం లెక్క వేస్తే, 134 గ్రాముల బియ్యంతో మనిషికి సరిపోతుందని తేలుతుంది. అటువంటి లెక్కతో ఏ వసతిగృహంలోనైనా వంట చేస్తే పిల్లలు పస్తుండవలసిందే.

ఈ ప్రమాదాన్ని చాలా ముందే ఊహించినవారున్నారు. 1984లో ఏర్పడిన ఇన్‌ఫుడ్స్ అనే అంతర్జాతీయ వ్యవస్థ పక్షాన క్లెన్సిన్, ఆయన సహచరులు 1989లో ఒక్కొక్క పోషకానికి, అవసరమైన చోట ఒక్కొక్క కొలత పద్ధతికి, వేరు సంకేతం నిర్ణయించారు. మొత్తం ఆహారపు పీచుకు ఎఫ్.ఐ.బి.టి.జి.; ముడి పీచుకు ఎఫ్.ఐ.బి.సి. (ఈ క్లెన్సిన్ గారే తరువాత ఈ-మెయిల్ ప్రమాణ పత్రాలకు కూడా సంపాదకులైనారు. ఉత్తరమైనా ఉప్పుడు బియ్యమైనా, పంపేవాడూ అందుకొనేవాడూ ఒకే అర్థం చేసుకోవాలి గదా.) 2017 పట్టిక ఈ సంకేతాలను వాడుకొన్నది, అది మెచ్చదగిన విషయం.

అయితే సంకేతం తలుపు వంటిది, వివరణ లోపలి గది వంటిది. మధ్య దారి ఉండాలి. ఇక్కడనే లైబ్రరీల కర్తలు బద్ధకిస్తున్నారు. "వివరాలకు చూడండి" అని చివర ఒక లంకె ఇచ్చి ఊరుకొంటారు. అది సంస్థ వెబ్‌సైటు ముఖద్వారానికి తీసుకుపోతుంది, కావలసిన నిర్వచనానికి కాదు. ఊరి పేరు వ్రాసి ఇంటి నంబరు వ్రాయని కార్డు వంటిది ఇది. పైగా సైటు చిరునామా మారితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. లంకె ప్రతి గడి పేరు ప్రక్కనే ఉండాలి. ఏ సంవత్సరపు ముద్రణలో ఏ పుటకో చూపాలి. లంకె తెగినా అర్థం నిలిచేటట్లు ప్రమాణమూ, పద్ధతీ ఒక్క వాక్యంలో అక్కడే వ్రాయాలి. ఇది అసాధ్యమేమీ కాదు. జేసన్‌ను నిర్వచించిన ఆర్.ఎఫ్.సి. పత్రాలనే చూడవచ్చు. 2006లో 4627, 2014లో 7159, 2017లో 8259 వచ్చాయి. పాత నంబరు ఇప్పటికీ తెరుచుకొంటుంది. దానిని తరువాత ఏ పత్రం తొలగించిందో పైననే వ్రాసి ఉంటుంది.

సంకేతాలు మాత్రం ఉంటే చాలునని వాదించేవారు ఈ రెండు వరుసలను పోల్చాలి. 1971లో బియ్యపు పిండిపదార్థం 78.2, 2017లో 78.24. చూడగానే ఏమీ మారలేదనిపిస్తుంది. కాని పాత బియ్యంలో తేమ 13.7, కొత్తదానిలో 9.93. తేమ తీసివేసి లెక్కిస్తే పాతది సుమారు 90.6 శాతం, కొత్తది 86.9 శాతం. పిండిపదార్థాన్ని నేరుగా కొలవలేదు. నూటి నుండి మిగతావన్నీ తీసివేసి కట్టారు. పీచు నిర్వచనం మారితే దాని లెక్కా మారుతుంది. అందువల్ల పిండిపదార్థపు గడి నుండి పీచు గడి నిర్వచనానికి కూడా ఒక లంకె కావాలి. ఉపాధ్యాయులు ఈ రెండు వరుసలను తొమ్మిదవ తరగతిలో నల్లబల్లపై వ్రాసి ఈ లెక్క చేయించవచ్చు.

మరొక లోపం మన వైపుది. ఈ నిర్వచనాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో రెండింటికీ "పీచు" అన్న మాటే వాడుతున్నాము. తెలుగులో లైబ్రరీ వివరణ వ్రాయబూనినవారు ముందు ముడి పీచునూ, మొత్తం పీచునూ వేరుగా పిలవాలి.