పాతిక అక్షరాల లోటు

మా కోటబొమ్మాళి వైపు నలభై దాటిన మనిషి ఉన్నట్టుండి కూలిపోతే "గుండె ఆగిపోయింది" అంటాం. అక్కడితో ఆరా ఆగిపోతుంది. రక్తనాళం పూడుకుపోవడం ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యంగా వచ్చిన లోపంతో గుండె కండరం మందమెక్కవచ్చు, సాగిపోయి నీరసించనూ వచ్చు. దీన్ని కార్డియోమయోపతి అంటారు. దాని మూలాన్ని మన దేశ జనంలోనే వెతికిన ఒక పరిశోధనను చదివే కొద్దీ ఆ పనితనం మీద నాకు గౌరవం పెరిగింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, పెరుందురై దండపాణి, ఇంకా ఎందరో కలిసి చేసిన ఆ పని 2009 జనవరిలో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చింది.

ముందు వాళ్లు ఎంచుకున్న చోటు చూడండి. గుండె కండరం ముడుచుకునే తీరును అదుపులో ఉంచే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎంవైబీపీసీ3, ఉండేది 11వ క్రోమోజోమ్ మీద. వాళ్లు చూసిన లోటు ప్రోటీన్ రాతలో లేదు. కణం కత్తిరించి పారేసే ఇంట్రాన్‌లో, అందులోనూ 32వ దానిలో, 25 డీఎన్‌ఏ అక్షరాలు లేవు. పారేసే భాగమే కదా అని దాటిపోదగ్గ చోటది. కానీ కత్తిరింపు సరిగా జరగడానికి కావలసిన గుర్తు ఆ పాతిక అక్షరాల్లోనే ఉంది. అది లేకపోతే పక్కనున్న, కణం ఉంచుకోవలసిన 33వ ఎక్సాన్ కూడా జారిపోతుంది, ప్రోటీన్ చివరి భాగం మారిపోతుంది.

ఇంత చిన్న లోటు కంటికి ఎలా కనిపిస్తుంది? రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏలో ఆ ముక్కను మాత్రమే పీసీఆర్‌తో లక్షల నకళ్లు తీస్తారు. జెల్‌లో పోసి కరెంటు పెడతారు. మా కొత్తమ్మతల్లి జాతర జనంలోంచి చిన్నపిల్లలు సందు చేసుకుని ముందుకు పోయినట్టు, పొట్టి ముక్క జెల్‌లో పొడుగు ముక్కను దాటిపోతుంది. లోటు లేనివాళ్లకు పైన ఒకే గీత. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే లోటు వచ్చినవాళ్లకు రెండు గీతలు. ఇద్దరి నుంచీ వచ్చినవాళ్లకు కింద ఒక్క గీతే.

అంతకుముందు రెండు కుటుంబాల్లో కనిపించిన ఈ మార్పును వీళ్లు 800 మంది రోగుల్లో, 699 మంది ఆరోగ్యవంతుల్లో వెతికారు. లోటు ఉన్నవాళ్లకు జబ్బు ముప్పు దాదాపు ఏడు రెట్లని తేలింది. అక్కడితో ఆగి ఉంటే మంచి పేపరయ్యేది, అంతే. దేశంలోని 107 జనసమూహాల నుంచి 6,273 మందిని పరీక్షించి, నూటికి సుమారు నలుగురిలో ఇది ఉందని లెక్క తేల్చారు. మారిన ప్రోటీన్‌ను ఎలుక పిల్లల గుండె కణాల్లో పెట్టి చూస్తే కండరపు పోగుల అమరిక చెదిరింది. ఇంత హాని చేసేది ఇన్ని తరాలు ఎలా నిలిచింది? వయసులో ఉండగా కణం చెడిపోయిన ప్రోటీన్‌ను విరిచి పారేస్తుందని, వయసు మీరాక ఆ శక్తి తగ్గుతుందని వాళ్ల వివరణ. అప్పటికే బిడ్డలు పుట్టి ఉంటారు, లోటు వాళ్లకు చేరి ఉంటుంది.

ఏడు రెట్లన్న మాటను తర్వాతివాళ్లు సవరించారు. ఈ లోటు మోస్తున్నవాళ్లలో కొందరికి, అదే డీఎన్‌ఏ పోగు మీద, అదే జన్యువులో మరో చిన్న మార్పు ఉందని, అసలు ముప్పు ఎక్కువగా దానిదేనని 2020లో వచ్చిన పరిశోధన చూపింది. కాబట్టి లోటు ఉన్న ప్రతివాళ్లూ భయపడనక్కర్లేదు. 2009 నాటి పనికి ఇది చిన్నతనమని నేననుకోను. వాళ్లు ఆ చోటును అంత మంది జనంలో వెతకబట్టే, అదే జన్యువులో ఉన్న దోషి దొరికింది.

మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, పని చేస్తుంటే కళ్లు తిరిగి పడిపోతున్నా, శ్రీకాకుళంలోనో విశాఖలోనో గుండె డాక్టరుకు చూపించి ఈసీజీ, ఎకో తీయించండి. ఒకరికి కార్డియోమయోపతి అని తేలితే తోబుట్టువులనూ పిల్లలనూ కూడా తీసుకెళ్లండి.