షోయబుల్లాఖాన్: తుంగభద్రకు ఇవతలి నుంచి ఒక పరిశీలన

ప్రతి సంవత్సరం ఆగస్టు నాలుగో వారంలోనూ, సెప్టెంబరు 17వ తేదీ సమీపించినప్పుడూ తెలుగు పత్రికలలో షోయబుల్లాఖాన్ పేరు కనిపిస్తుంది. ఆయనను గురించి వెలువడే వ్యాసాలలో అధిక భాగం ఒకే మూసలో పోసినట్లుంటాయి. నిజాం పాలన, రజాకార్ల ఆగడాలు, 'ఇమ్రోజ్' పత్రిక, అర్ధరాత్రి దాడి, నరికివేసిన చేయి, అంతటితో వ్యాసం సమాప్తం. ఇరవై ఎనిమిదో ఏట కన్నుమూసిన ఆ పాత్రికేయుడు అసలు ఏమి ఆలోచించాడు, అలా ఆలోచించడానికి దారితీసిన పరిస్థితులేమిటి, ఆయన అభిప్రాయాలలో నేటికి నిలిచేదేమిటి అన్న విచారణ మాత్రం బహు అరుదు. ఆయన మరణం ఆయన రచనను కప్పివేసింది.

ఈ లోపం హైదరాబాదు పాఠకుడి కంటే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ముస్లిం పాఠకుడికి ఎక్కువ నష్టం కలిగించింది. కారణం చారిత్రకమైనది. ఆదోని ఒకప్పుడు అసఫ్‌జాహీల ఏలుబడిలోనిదే. బసాలత్ జంగ్ 1782లో మరణించే వరకు ఇక్కడి నుంచే తన జాగీరును పాలించాడు. అయితే 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. ఆ తరువాత ఆదోని తాలూకా మద్రాసు రాజధానిలో, బళ్లారి జిల్లాలో ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాకు చేరింది. కనుక 1948 నాటికి ఆదోనిలో నూలు అమ్ముకొనే వర్తకుడైనా, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ముస్లిం అయినా నిజాం రైతు కాడు, రజాకారూ కాడు. తుంగభద్ర దాటితే మాత్రం మరో రాజ్యం. అక్కడ కరోడ్‌గిరి నాకాలు వేరు, హాలీ సిక్కా వేరు, అధికార భాష ఉర్దూ. ఆదోని స్టేషనులో రైలెక్కినవాడు డెబ్బై కిలోమీటర్లు పోయేసరికి రాయచూరులో, అంటే నిజాం రాజ్యంలో దిగేవాడు. నేడు తెలంగాణలో ఉన్న గద్వాల, అలంపురం సైతం అప్పట్లో ఆ రాయచూరు జిల్లాలోనివే.

ఇంత దగ్గరగా ఉండి కూడా ఇవతలి ఒడ్డు ముస్లిములు ఆ చరిత్రను ప్రత్యక్షంగా ఎరుగరు. వారికి అది ఇతరుల నోట విన్న కథగానే అందింది. 'రజాకార్' అన్న మాటకు ఉర్దూలో స్వచ్ఛంద సేవకుడు అని అర్థం. తెలుగులో అది తిట్టుగా స్థిరపడింది. ఆ తిట్టు నదిని దాటి వచ్చి, దానితో ఏ సంబంధమూ లేని వారి పిల్లల చెవిన కూడా పడింది. అప్పుడు వారికి ఊరటగా చూపే పేరు షోయబుల్లాఖాన్‌ది. 'చూశారా, ముస్లిములలో కూడా ఇటువంటివాడు ఉన్నాడు' అంటారు. ప్రశంసగా పలికే ఈ వాక్యంలోని 'కూడా' అన్న చిన్న మాటను కొంచెం ఆగి పరీక్షించవలసి ఉన్నది. దాని సంగతి తరువాత.

ముందు ఆయన జీవితం. షోయబుల్లాఖాన్ 1920 అక్టోబరు 17న వరంగల్ జిల్లా మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడులో జన్మించారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైన షోయబ్‌కు సర్కారీ కొలువు దుర్లభమేమీ కాదు. ఉర్దూ చదివిన ముస్లిం యువకుడికి ఆనాటి హైదరాబాదులో అది సహజమైన దారి. ఆయన ఆ దారి పట్టక 'తేజ్' అనే పత్రికలో చేరారు. ప్రభుత్వం దానిని మూయించగా మందుముల నరసింగరావు గారి 'రయ్యత్' పత్రికకు వెళ్ళారు. అదీ ప్రభుత్వాగ్రహానికి గురై నిలిచిపోయింది. అప్పుడు మిత్రుల తోడ్పాటుతో, ఇంటి సొత్తు కూడా వెచ్చించి, 1947 నవంబరులో స్వయంగా 'ఇమ్రోజ్' దినపత్రిక ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. అది వెలువడిన పక్షం రోజులకే, నవంబరు 29న, నిజాంకు భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒడంబడిక కుదిరింది. అంటే పత్రిక ఆయుష్షు మొత్తం ఆ ఒడంబడిక కాలంలోనే, తొమ్మిది నెలలలోనే, గడిచిపోయింది.

ఆయన అభిప్రాయాలు దాపరికం లేనివి. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలి, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలి, రజాకారు దళాలను రద్దు చేయాలి. 1948 జనవరి నాటి ఆయన సంపాదకీయానికి పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం అన్న అర్థం వచ్చే శీర్షిక ఉన్నది. లాయక్ అలీ మంత్రివర్గం పగటివేళ కాగితాల మీద పాలిస్తున్నదనీ, చీకటి పడ్డాక ఆయుధం పట్టినవాడిదే రాజ్యమనీ దాని భావం. పాత్రికేయ దృష్టితో చూస్తే ఇది ఆయన రచనలలో అతి పదునైన ఊహ. ఆయన రజాకార్లను వట్టి దుండగులని తీసిపారేయలేదు. ప్రభుత్వం తన బాధ్యతను ఒక ప్రైవేటు దళానికి అప్పగించినప్పుడు ఏమి జరుగుతుందో చూపారు. ఆయన మీద వచ్చిన వ్యాసాలు ఈ తేడాను గమనించకపోవడం విచారకరం. గాంధీజీతో ఆయనకున్న పోలికలను వర్ణించడానికి వెచ్చించిన సిరాలో పదో వంతు ఈ సంపాదకీయానికి వెచ్చించినా పాఠకులకు మేలు జరిగేది.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు యూనియన్‌లో చేరిక కోరుతూ, రజాకార్లను నిరసిస్తూ ఒక ప్రకటన చేశారు. వారిలో ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చిన తహసీల్దారు ఫరీద్ మీర్జా, తరువాత పార్లమెంటు సభ్యులైన బాఖర్ అలీ మీర్జా ఉన్నారు. ఆ ప్రకటనను 'ఇమ్రోజ్' ప్రచురించింది. లాతూరు వకీలు, మజ్లిస్ అధ్యక్షుడు ఖాసిం రజ్వీ బహిరంగ సభలో హెచ్చరికలు జారీ చేశాడు. ఈదుల్ ఫిత్ర్ గడిచి రెండు వారాలైంది. ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా, కాచిగూడ దగ్గర లింగంపల్లి చౌరస్తా సమీపంలో షోయబ్ మీద దాడి జరిగింది. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డాడు. తెల్లవారేలోగా షోయబ్ మరణించారు. నరికినది ఒక చేయా, రెండు చేతులా అన్న విషయం చెప్పేవారిని బట్టి మారుతుంది. కథ ఎంత నోళ్ళలో నానిందో దీనివల్లనే తెలుస్తుంది.

ఇక విమర్శ. షోయబ్ అభిమానుల వాదం సాధారణంగా ఇలా సాగుతుంది: ఆయన చెప్పినది సరియైనది, చరిత్ర ఆయన పక్షాన నిలిచింది, కనుక ఆయనను చంపడం ఘోరం. ఈ వాదం బలహీనమైనది. ఒకవేళ ఆయన అభిప్రాయం తప్పే అయి ఉంటే హత్య తగునా? ఈ సందర్భంలో దూరదేశపు ఉదాహరణ ఒకటి పనికివస్తుంది. ఉక్రెయిన్ రచయిత, పాత్రికేయుడు ఒలెస్ బుజీనా 2015 ఏప్రిల్ 16న కీవ్ నగరంలో తన ఇంటి దగ్గరే కాల్పులకు బలి అయ్యాడు. ఉక్రెయినియన్లు తమ జాతీయ కవిగా కొలిచే తరాస్ షెవ్‌చెంకోను హేళన చేస్తూ ఆయన పుస్తకం రాశాడు. ఉక్రెయినియన్లు, రష్యన్లు, బెలారూసియన్లు ఒకే జాతి శాఖలని వాదించాడు. దేశం తూర్పున యుద్ధం జరుగుతున్న రోజులలో ఆ మాటలు ఎంతమందికి శూలాల్లా తగిలి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఆయన వాదాలు అనేకం నిలిచేవి కావు. అయినా ఆయన హత్య ఆ కారణంగా రవ్వంత కూడా తేలిక కాదు. నిరపరాధి ప్రాణం తీయడాన్ని సమస్త మానవాళిని చంపడంతో సమానం చేసిన ఖుర్‌ఆన్, అతడి అభిప్రాయం సరియైనదా కాదా అని విచారించి ఆ తీర్పు చెప్పలేదు.

బుజీనా, షోయబ్ ఒకే కోవకు చెందినవారని దీని అర్థం కాదు. షోయబ్ కలం ఎవరి పూజ్య పురుషుడినీ హేళన చేయలేదు. చేతిలో కత్తి పట్టిన వారిని మాత్రమే అది ప్రశ్నించింది. అయినా ఈ ఇద్దరినీ పక్కపక్కన ఉంచితే ఒక విషయం తేటపడుతుంది. హతుడి అభిప్రాయాన్ని తూచడం వేరు, హత్యను తూచడం వేరు. ఈ రెంటినీ కలిపితే ఆరాధకుడు విమర్శను మరచిపోతాడు, ద్వేషి నేరాన్ని మరచిపోతాడు.

షోయబ్‌ను మెచ్చనివారూ సముదాయంలో లేకపోలేదు. వారి మాట వినకుండా దాటవేయడం న్యాయం కాదు. 'యూనియన్‌లో చేరితే క్షేమమని ఆయన నమ్మాడు. చేరిక తరువాత ఏమి జరిగింది?' అని వారు అడుగుతారు. ఈ ప్రశ్నకు ఆధారం ఉన్నది. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనిక చర్య ఐదు రోజులలో ముగిసింది. తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో సామాన్య ముస్లిముల మీద భయంకర హింస జరిగింది. దానిని పరిశీలించడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, మృతుల సంఖ్య తక్కువలో తక్కువగా 27,000 నుంచి 40,000 దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందలేదు. షోయబ్‌ను ఏటా స్మరించే వ్యాసాలలో ఈ నివేదిక ప్రస్తావన కనబడదు. రజాకార్ల చేతిలో పోయిన ప్రాణాలకు కన్నీరు కార్చిన కలం ఈ ప్రాణాల దగ్గర ఎందుకు ఆగిపోతుందని ముస్లిం పాఠకుడు అడిగితే అతడిని తప్పుపట్టడానికి వీలు లేదు.

అయితే ఈ దుర్ఘటనల వల్ల షోయబ్ వాదం ఓడిపోయిందా? జాగ్రత్తగా చూస్తే లేదు. రజ్వీ చూపిన బాట ఎటు పోతుందో ఆయనకు, ఆ ఏడుగురికి తెలుసు. ఒక సైన్యంతో తలపడే శక్తి లేని దళం, ముస్లిములు మైనారిటీగా ఉన్న రాజ్యంలో, అందరి తరఫున కయ్యానికి కాలు దువ్వితే దాని మూల్యం మారుమూల పల్లెలలోని నిరుపేద ముస్లిం కుటుంబాలు చెల్లించవలసి వస్తుంది. అదే జరిగింది. రజ్వీ మాత్రం జైలు శిక్ష అనుభవించి, 1957లో విడుదలై, పాకిస్తాన్ వెళ్ళిపోయి 1970లో అక్కడే మరణించాడు. అతడి మాటలు నమ్మిన వారికి, ఏనాడూ నమ్మని వారికి కూడా, పోయే చోటు లేదు. షోయబ్‌ను మిల్లత్‌కు ద్రోహిగా చిత్రించేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. స్వజనానికి వ్యతిరేకంగా అయినా సరే న్యాయానికి సాక్షులై నిలవమన్న నిసా సూరా ఆదేశం వారికి తెలియనిది కాదు.

ఇప్పుడు ఆ 'కూడా' సంగతి. షోయబ్ ఏకైక అపవాదం అన్న భావన చరిత్రకు విరుద్ధం. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940 జూలైలో హతుడైన షేక్ బందగీ ముస్లిం రైతు. మఖ్దూం మొహియుద్దీన్ నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి అజ్ఞాతవాసం చేశారు. ప్రకటన మీద సంతకాలు చేసిన ఏడుగురు ముస్లిములే. వీరి మార్గాలు ఒకటి కావు, మఖ్దూం భావాలతో షోయబ్ భావాలకు ఎంతో దూరం. అయినా ఒక్కడిని పీఠమెక్కించి తక్కిన వారిని చీకటిలో ఉంచితే, ఆ ఒక్కడి కీర్తి లక్షల మందిపై అభియోగ పత్రంగా మారుతుంది. 2022 నుంచి సెప్టెంబరు 17ను కేంద్రం విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వం ముందు సమైక్యతా దినమని, 2024లో ప్రజాపాలన దినమని జరుపుతూ వచ్చాయి. అదే 2024లో 'రజాకార్' సినిమా కూడా తెర మీదికి వచ్చింది. ఈ పేర్ల పోటీలో షోయబ్‌ను ఎవరి అవసరానికి తగ్గట్టు వారు వాడుకుంటున్నారు. బ్రతికి ఉండగా ఏ పక్షానికీ అద్దెకు పోని పాత్రికేయుడికి ఇంతకంటే అన్యాయం వేరే ఉండదు.

దీనికి విరుగుడు ఆయనను ఆయన మాటల్లోనే చదవడం. ఇక్కడే ఆదోని, ఎమ్మిగనూరు పాఠకుడి ప్రత్యేక స్థితి గుర్తుకు వస్తుంది. అతడి ఇంటి భాష దక్కనీ ఉర్దూ, బజారు భాష తెలుగు, కాస్త కన్నడం. చదువు మాత్రం తెలుగు లిపిలో సాగింది. ఉర్దూ అక్షరం రాకపోయినా, 'ఇమ్రోజ్' సంపాదకీయం ఎవరైనా బిగ్గరగా చదివి వినిపిస్తే, అక్కడక్కడ ఫారసీ మాటలు అడ్డుపడినా, అతడికి చాలా వరకు అర్థమవుతుంది. ఉర్దూ మూలాన్ని ఒక పుటలో తెలుగు లిపిలోనే అచ్చువేసి, ఎదుటి పుటలో తెలుగు అనువాదం, కఠిన పదాలకు అర్థాలు ఇస్తే చాలు. పుస్తకం పెద్దదేమీ కాబోదు. తొమ్మిది నెలల పత్రిక అది.