క్యాన్సర్ వచ్చిన కుక్కకు ఏ సప్లిమెంట్?

క్యాన్సర్ వచ్చిన కుక్కకు సప్లిమెంట్ ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది దాని గొప్పతనం కాదు, జరుగుతున్న చికిత్సతో దానికి పొసగుతుందా లేదా అన్నది. ఒక కుక్కకు మేలు చేసిన చేపనూనే మరో కుక్కకు చేటు చేయవచ్చు. కణితి రకం, వాడుతున్న మందులు, కాలేయం, మూత్రపిండాల పనితీరు, రక్తంలో కాల్షియం తెలిశాకే సీసా మీద లేబుల్ చదవాలి.

కొన్ని క్యాన్సర్లకు ఈ వెతుకులాటే అనవసరం. మన వీధికుక్కల్లో తరచుగా కనబడే సీటీవీటీ అనే జననాంగాల కణితి జతకట్టేటప్పుడు ఒకదాన్నుంచి మరోదానికి అంటుకుంటుంది. వారానికొక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలావరకు నయమవుతుంది. విన్‌క్రిస్టిన్ పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చిన మందే. అలాగని ఆకు నూరి పోస్తే అది వైద్యం కాదు, విషం.

సప్లిమెంట్లలో కాస్తో కూస్తో ఆధారం ఉన్నది చేపనూనెకే. 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లింఫోమా అనే క్యాన్సర్ ఉన్న 32 కుక్కలకు డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఇస్తూ, కొన్నింటి ఆహారంలో చేపనూనె, ఆర్జినైన్ చేర్చారు. వ్యాధి ఒక దశలో ఉన్న కుక్కల్లో, చేపనూనెలోని డీహెచ్‌ఏ అనే కొవ్వు రక్తంలో పెరిగినకొద్దీ జబ్బు తిరగబెట్టకుండా ఉన్న కాలమూ పెరిగింది. కొనేటప్పుడు చూడవలసింది నూనె బరువు కాదు, అందులోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే కొవ్వుల మోతాదు. అవిసె నూనె దీనికి బదులు కాదు. అందులోని కొవ్వును కుక్క శరీరం ఈపీఏగా మార్చుకోగలిగేది కొద్దిగానే. కాడ్ లివర్ ఆయిల్ కూడా వేరే సరుకు. దానిలో విటమిన్ ఎ, డి ఉంటాయి. లింఫోమాలోనూ, మలద్వార గ్రంథుల క్యాన్సర్‌లోనూ రక్తంలో కాల్షియం ముందే పెరిగి ఉండవచ్చు. దానిపై విటమిన్ డి చేరితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇక చేపనూనె మోతాదు మించితే విరేచనాలు పట్టుకుంటాయి, రక్తం గడ్డకట్టే తీరు మందగించవచ్చు.

టర్కీ టెయిల్ పుట్టగొడుగు కథ మరీ జాగ్రత్తగా చదవదగ్గది. 2012లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ప్లీహంలో హిమాంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ వచ్చిన 15 కుక్కలకు దాని సారం ఇచ్చారు. ఎక్కువ మోతాదు అందుకున్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 199 రోజులు. మందు ఇవ్వని కుక్కల గుంపు పోలికకు లేదు, ఉన్న కుక్కలూ కొద్దే. అయినా ఆ అంకె పట్టుకుని మార్కెట్ పెరిగిపోయింది. 2022లో 101 కుక్కలతో అదే ప్రశ్న మళ్లీ పరీక్షిస్తే, కీమోకు తోడుగా ఇచ్చినా అదనపు ఆయుష్షు తేలలేదు. కీమో లేకుండా ఇది మాత్రమే అందిన ఆడకుక్కల పరిస్థితి మరింత అధ్వానంగా ఉంది. ఈ రెండో ఫలితం డబ్బా మీద కనబడదు, కనబడుతుందని ఆశించడమూ అమాయకత్వమే.

పసుపు మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ. పసుపులోని కర్క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగా ఎక్కదు కాబట్టి మిరియాల్లోని పైపరిన్ కలిపి అమ్ముతారు. అదే పైపరిన్ కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైములనూ అడ్డుకోగలదు. అప్పుడు కీమో మందు ఒంట్లో అనుకున్నదానికన్నా ఎక్కువసేపు నిలిచే ప్రమాదం ఉంది. విటమిన్ సి, ఇ అధిక మోతాదుల చిక్కు దీనికి ఎదురు: రేడియేషన్ కణాన్ని చంపేది చాలావరకు ఆక్సీకరణ దెబ్బతోనే, డాక్సోరూబిసిన్ పనిలోనూ దానికి వాటా ఉంది. ఆ దెబ్బను ఇవి తగ్గించవచ్చు. పైగా విటమిన్ సిని కుక్క కాలేయం తానే తయారుచేసుకుంటుంది.

కొన్నిటిని అసలే దగ్గరకు రానివ్వకూడదు. ఖాళీ కడుపున గ్రీన్ టీ సారం కాలేయాన్ని దెబ్బతీయగలదు. మనుషుల చప్పరింపు మాత్రల్లోని జైలిటాల్, వెల్లుల్లి మాత్రలు, ద్రాక్షతో చేసే ద్రాక్షాసవం కుక్కకు విషపదార్థాలే.

చాలా కుక్కలు నీరసించేది సప్లిమెంట్ లేక కాదు, తిండి తినక. ఆకలి పుట్టించే మందులు డాక్టర్ దగ్గరున్నాయి. వాటిని అడగడం ముందు పని.

కొనదలిస్తే బ్యాచ్ నంబరు, ఒక్కో మాత్రలోని అసలు పదార్థం ఎంతో రాసిన సరుకే కొనాలి. ఒకసారికి ఒక్కటే, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. రెండు కలిపి మొదలెడితే వాంతి దేనివల్లో తెలియదు. ఇస్తున్నవన్నీ, వంటింటి పొడులతో సహా, డాక్టర్‌కు రాసి ఇవ్వాలి. ఆపరేషన్‌కు ముందు చేపనూనె, కర్క్యుమిన్ ఎప్పుడు ఆపాలో ఆయన్నే అడిగి తెలుసుకోవాలి.