ముందు కడవెండి, తర్వాత గడి

ఈ వారం మా ఇంట్లో ఒక మాట విని మనసు నిండింది. ఆదివారం ఎటు పోదామంటే మా మేనకోడలు సినిమా, మాల్ అనకుండా "మామా, విసునూరు గడి చూసొద్దాం. పిల్లలకు పాత కట్టడం చూపించినట్టయితది" అన్నది. సెలవురోజు పిల్లల్ని వేయిస్తంభాల గుడికో, ఖిలా వరంగల్‌కో తీసుకుపొమ్మని ఈ కాలమ్‌లో ఎన్నేళ్లుగా పోరుతున్నానో మీకు తెలుసు. పాత గోడలకు సిమెంటు పూయొద్దని పెట్టే పోరూ తెలుసు.

గడి అంటే ఒట్టి మేడ కాదు, సేద్యపు కోట. ఎత్తైన ప్రహరీ, మూలల్లో బురుజులు, లోపల టేకు స్తంభాల భవంతి, వెనుక ఎడ్ల కొట్టాలు, వడ్లు పోసే గరిశెలు. గానుగలో ఎద్దులతో నూరించిన డంగు సున్నంతో పూసిన గోడ మీద చెయ్యి వేస్తే నడి ఎండాకాలంలోనూ చల్లగా తగులుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ఉన్న గడులన్నీ బాగుచేసి, టికెట్ పెట్టి, కుటుంబాలు వచ్చి చూసేలా చేయాలని రాద్దామనే కూర్చున్నాను.

కూర్చోగానే మా నాయినమ్మ గుర్తొచ్చింది.

మాది కుమ్మరి ఇల్లు. మా ఊరి గడిలో పెండ్లయినా పండుగైనా కుండలు, గురుగులు మా ఇంటి నుంచే పోవాలి. పైసా ముట్టేది లేదు, అది వెట్టి. తాత కావడి ఎత్తుకుంటే, వెనుక గంప నెత్తిన పెట్టుకొని నాయినమ్మ. "గడి ముంగట చెప్పులు చేతవట్టుకొని నడవాలె బిడ్డా. పెద్ద దర్వాజ మాకు తెరిచేటోళ్లు కాదు. దాంట్ల చిన్న దిడ్డి ఉంటది, గంప దించి వంగి పోవాలె. ఒక్క కుండ పలిగితే ఇంకో రెండు తేవాలె" అని చెప్పేది. చాకలివాళ్ల చాకిరీ, మాదిగల చెప్పులు, మోట తొండాలు, గొల్లల గొర్రెలు, ఊరి కష్టమంతా ఆ గోడ లోపలికే పోయేది. కరువొచ్చిన ఏడు అదే గడి నుంచి వడ్లు నాగుకు తెచ్చుకోవాలి. తాము పండించి కొలిచిన గింజలే, వడ్డీ మీద. గరిశెకు పోసే నోరు ఎంత పెద్దదో, తీసే తూము ఎంత చిన్నదో నాయినమ్మ చేతులు చాచి చూపేది. గానుగ వెంట తిరిగిన మనుషులూ వెట్టివాళ్లే.

విసునూరు గడి కథ ఇంకా పెద్దది. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40 వేల ఎకరాలుండేవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలం మీద ఆయన కన్ను పడింది. వెట్టికి ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు దగ్గరుండి కోత కోసి వడ్లు ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తర్వాతి కాలంలో, 2016లో జనగామ జిల్లాలో కలిసేదాకా, ఈ ఊళ్లన్నీ మా వరంగల్ జిల్లావే.

ఇలాంటి చోటును ఎలా చూపించాలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో విట్నీ ప్లాంటేషన్ అనే పాత చెరకు తోటను 2014లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ చెప్పేది యజమాని వైభవం కాదు, బానిసల బతుకు. వాళ్ల గుడిసెలు చూపిస్తారు, వాళ్ల పేర్లు గోడల మీద చెక్కి పెట్టారు. మన గడులకూ కావాల్సింది అదే.

అందుకే మేనకోడలితో పోదామనే అన్నాను, కాని గడి చివర. మొదట కడవెండిలో కొమరయ్య స్తూపం. తర్వాత పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహం. ఆ తర్వాతే గడి గోడలు. ఈ వరుసలో చూసిన పిల్లలు ఆ గోడ ఎందుకంత ఎత్తు కట్టారో వాళ్లే అడుగుతారు.

గడులను బాగుచేసే ఆలోచన ఉన్నవాళ్లకు నా మనవి: భవంతికన్నా ముందు గరిశెను, కొట్టాన్ని, దిడ్డిని నిలబెట్టండి. ఏ ఇంటివాళ్లు ఏ వెట్టి చేశారో పేర్లతో రాసి పెట్టండి. పెండ్లి ఫొటోలకూ హోటళ్లకూ ఇవ్వకండి. వెట్టి కాలం చూసిన పెద్దలు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. చదివే మీరు గడి చూడటానికి పోయేటప్పుడు వాళ్లను కూడా కారెక్కించుకొని పోండి.