పొగగొట్టం కొలిచారు సరే, గుడిసె?

పాత ఇటుక ఫ్యాక్టరీలని పారిశ్రామిక వారసత్వంగా చూసేవాళ్ల కళ్లు ముందు కమాను మీదా పొగగొట్టం మీదా పడతాయి. ఇటుక కోసిన మనిషి ఆనడు. ఇది మరుపు కాదు. వారసత్వమంటే నిలిచివున్న కట్టడమేననే చూపులోనే దోషం ఉంది.

1858లో జర్మనీలో ఫ్రీడ్రిష్ హాఫ్‌మన్ నిరంతరం మండే వలయపు బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. వరసగా గదులు, పైన ఇటుక కమాను, ఎత్తైన పొగగొట్టం. మంట గది నుంచి గదికి నడుస్తుంది. యూరప్‌లో అలాంటివి కొన్ని ఇవాళ మ్యూజియాలు. 1876లో బుల్ అనే బ్రిటిష్ ఇంజినీరు ఇండియాలో అదే సూత్రాన్ని చవక చేశాడు. కమాను తీసేసి కందకం తవ్వాడు. పేర్చిన ఇటుకల మీద బూడిదా మట్టీ కప్పితే అదే కప్పు. కాళ్ల కింద మంట పెట్టుకుని, దానిమీద నిలబడి బొగ్గు పోసేది కూలీ. కట్టడం మీద మిగిలిన ఖర్చు ఎవరి ఒంటి మీద పడిందో ఆర్కిటెక్చర్ పుస్తకాలు అడగాలి కదా!

మన దగ్గర చాలాచోట్ల ఆ కందకం కూడా లేదు. పచ్చి ఇటుకలనే ఆముగా పేర్చి కాలుస్తారు. కాలాక ఆమునే విప్పి అమ్ముతారు. ఇక కాపాడ్డానికి ఏం మిగిలింది? తెలంగాణ బట్టీలకి అడ్వాన్సు తీసుకుని బలంగీర్, నువాపడ, కలహండి నుంచి వచ్చే దళిత, ఆదివాసీ కుటుంబాలు సున్నం సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకల గుడిసెల్లో ఉంటాయి. లోపలికి వంగి దూరాలి. పెద్దలు అచ్చు పోస్తే పిల్లలు ఇటుకలు తిరగేస్తారు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన, అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. వెట్టి రద్దు చట్టం వచ్చింది 1976లో, బుల్ బట్టీకి సరిగ్గా నూరేళ్లకి.

కట్టడంతో పాటు శ్రమని చూపించడం కుదరదా? కుదురుతుంది. హాంబర్గ్ దగ్గర నోయెన్‌గామెలో మూతబడ్డ ఇటుక ఫ్యాక్టరీని 1938లో నాజీల ఎస్.ఎస్. కొని కాన్సంట్రేషన్ క్యాంపు పెట్టింది. ఖైదీల చేత పెద్ద ఫ్యాక్టరీ కట్టించి ఇటుకలు చేయించింది. యుద్ధం తర్వాత అదే నేలమీద హాంబర్గ్ జైలు నడిచింది. బతికి బయటపడ్డవాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 2005లో అక్కడ విస్తరించిన స్మారకస్థలం తెరిచారు. ఆ ఫ్యాక్టరీని ఎవరి చేత కట్టించారో అది చెప్తుంది. బట్టీ, క్యాంపు ఒకటేనని నేననడం లేదు. గోడని చూపించేటప్పుడు చేతినీ చూపించొచ్చు అంటున్నాను.

ఆర్కిటెక్చర్ చదివే మన పిల్లలు ఈ పని మొదలుపెట్టాలి. పొగగొట్టం ఎత్తు కొలిచిన టేపుతోనే పక్కనున్న గుడిసె గుమ్మం ఎత్తూ కొలవండి. రెండూ ఒకే పటంలో గీయండి.