సూదివైద్యం, నొప్పి, నాడీమండలం: ఒక విమర్శ

మోకాలికి దెబ్బ తగిలినప్పుడు ఎవరూ నేర్పకుండానే మనము ఆ చోటును అరచేతితో రుద్దుకుంటాము. నొప్పి కొంత తగ్గుతుంది. దీనికి కారణమేమిటి? 1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించినారు. నొప్పి వార్తను మోసే సన్నని నాడీతంతువులు, స్పర్శను మోసే లావుపాటి తంతువులు వెన్నుపామును చేరుతవి. అక్కడ ద్వారం వంటి ఏర్పాటు ఒకటున్నదనీ, స్పర్శవార్తలు మిక్కుటంగా వచ్చినప్పుడు ఆ ద్వారం కొంత మూసుకొని నొప్పివార్తను మెదడుకు పోనీయదనీ వారు చెప్పినారు. ఈ సిద్ధాంతపు వివరాలలో తరువాత కొన్ని మార్పులు వచ్చినవి. కాని వెన్నుపాములోనే నొప్పికి అడ్డుకట్ట పడగలదన్న మూలభావం నిలిచినది.

చైనాదేశపు సూదివైద్యమును, అనగా ఆక్యుపంక్చరును, సమర్థించేవారికి ఈ సిద్ధాంతం గొప్ప ఆసరా అయినది. "సూదిపోటు నాడీమండలం ద్వారా నొప్పిని తగ్గిస్తుంది, కాబట్టి ఆ వైద్యం శాస్త్రీయమని రుజువైనది" అని తరచు వింటున్నాము. ఈ వాక్యంలో మొదటి సగం నుండి రెండవ సగం వస్తుందా? పరిశీలింతము.

సూది కండరంలో దిగినప్పుడు అక్కడి నాడీతంతువులు ఉద్రేకం పొందుతవి. ఆ వార్త వెన్నుపాము మీదుగా మెదడును చేరుతుంది. మెదడులోని కొన్ని భాగాల నుండి నొప్పిని అణచే ఆజ్ఞలు తిరిగి వెన్నుపాముకు దిగుతవి. 1975లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనువారు మెదడులో ఎన్‌కెఫలిన్ అనే పదార్థాలను కనుగొన్నారు. ఇవి నల్లమందులోని మార్ఫీను వలె పనిచేస్తవి. మార్ఫీను ప్రభావాన్ని అడ్డగించే మందు నలోక్సోను. 1977లో మేయరు, అతని సహచరులు కొందరి చేతిమీద బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ సూదులు గుచ్చి, పంటినొప్పిని పరీక్షించినారు. సూదివల్ల నొప్పి తగ్గినది. నలోక్సోను ఇవ్వగానే ఆ ఉపశమనం పోయినది. సూది శరీరంలోని సహజమైన మార్ఫీనును మేల్కొలిపినదని అందరూ సంతోషించినారు.

అయితే 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనువారు మరొక ప్రయోగం చేసినారు. జ్ఞానదంతాలు తీయించుకొన్నవారికి మందు పేరిట ఏ మందూ లేని సూదిమందు ఇచ్చినారు. కొందరికి నొప్పి తగ్గినది. వారికి నలోక్సోను ఇస్తే నొప్పి మళ్లీ పెరిగినది! అనగా కేవలం నమ్మకం కూడ అదే దారిని నడుస్తున్నది. కాబట్టి నలోక్సోను పరీక్ష సూది ఫలితాన్ని, నమ్మకపు ఫలితాన్ని వేరుచేయలేదు. పైగా 1983లో చాప్‌మన్ బృందం చేసిన పరీక్షలో సూదివల్ల కలిగిన ఉపశమనాన్ని నలోక్సోను పోగొట్టనే లేదు.

ఎలుకలకు నమ్మకం ఎక్కడిదని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2010లో నెడర్‌గార్డ్ బృందం సూది గుచ్చిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి ఎలుకలలో నొప్పిని తగ్గించుట చూపినది. సూదిపోటు నాడులమీద పనిచేయగలదనడానికి ఇది సాక్ష్యం. కాని దానివల్ల మనుష్యుల రోగంలో ఎంత మేలు కలుగునో తేల్చుటకు వేరే పరీక్ష కావలెను.

అట్టి పరీక్ష ఒకటి జర్మనీలో జరిగి 2007లో వెలువడినది. చిరకాలపు నడుమునొప్పి గల 1162 మందిని మూడు వర్గాలుగా చేసినారు. ఒక వర్గానికి శాస్త్రోక్త స్థానాలలో సూదులు. రెండవదానికి ఆ స్థానాలు కాని చోట్ల పైపైన సూదులు. మూడవదానికి మందులు, వ్యాయామం మొదలైన మామూలు చికిత్స. ఆరు నెలల తరువాత మేలు పొందినవారు వరుసగా నూటికి 47.6, 44.2, 27.4.

ఈ మూడు అంకెలను విద్యార్థులు జాగ్రత్తగా చదువవలెను. సూదులు పొందినవారు, అవి ఎక్కడ గుచ్చినా, మూడవ వర్గంకంటె బాగుపడినారు. తాము సూదులు పొందలేదని మూడవ వర్గంవారికి తెలుసునన్న సంగతి మరువరాదు. మొదటి రెండు వర్గాల నడుమ భేదం స్వల్పం, యాదృచ్ఛికమని కొట్టివేయదగినంత. పైపైన గుచ్చిన సూది కూడ నాడులను కదలించును; కనుక నాడీమండలపు పాత్రను ఈ పరీక్ష కాదనదు. దెబ్బతిన్నది స్థానాల పటం. ప్రాణశక్తి ప్రవహించునని చెప్పే మార్గాలేవీ శరీరనిర్మాణ శాస్త్రానికి కనబడలేదు.

"నాడీమండలం ద్వారా" అన్న మాట మార్ఫీనుకు, అరచేతి రాపిడికి, గాయంమీద తల్లి ఊదుటకు కూడ సమానంగా వర్తించును. దానిని రుజువుగా ఎవరైనా చెప్పినప్పుడు ఉపాధ్యాయులు తరగతిలో ఒక్క ప్రశ్న వేయించవలెను: దేనితో పోల్చి చూచినారు?

ఇది పుస్తకాల తగవు మాత్రమే కాదు. 1971 జూలైలో అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగులో అపెండిక్సు ఆపరేషను జరిగినది. సూదులతోనే కోసినారన్న కథ లోకమంతా వ్యాపించినది. న్యూయార్క్ టైమ్స్‌లో ఆయన వ్రాసినది వేరు: ఆపరేషను మామూలు మత్తుమందుతోనే జరిగినది, సూదులు ఆ తరువాత కడుపులోని బాధకు వాడినారు. నొప్పి తగ్గుట వేరు, నొప్పికి మూలం పోవుట వేరు. రెస్టన్ కడుపులోని మూలాన్ని తీసివేసినది శస్త్రవైద్యుని కత్తి.