రాత్రిని బట్టే గోడ

కర్నూలు, అనంతపురం పల్లెల్లో మట్టి మిద్దెలు కూల్చి స్లాబు వేస్తుంటే నాకు మనసొప్పదు. ఆ మిద్దెలు కట్టిన మేస్త్రీలకు ఎండ నడక తెలిసినంతగా ఇవాళ ప్లాన్లు గీసే చాలామందికి తెలియదు.

రెండడుగుల రాతిగోడ. దాని మీద దూలాలు, దంతెలు. ఆపైన కట్టెలో బండలో పరిచి మందంగా మట్టి, మట్టి మీద చౌడు. వెలుతురుకూ గాలికీ కప్పులో గవాచి. మే నెల మధ్యాహ్నం ఆ గోడను బయటినుంచి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపల చల్లగా తగులుతుంది. అంత మందం దాటి వేడి లోపలికి రావడానికి పది గంటలకు పైనే పడుతుంది. వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి బయట చల్లబడి ఉంటుంది కనుక కిటికీలు, గవాచి తెరిస్తే ఆ వేడి బయటికి పోతుంది. నాలుగైదు అంగుళాల స్లాబులోంచి మధ్యాహ్నపు ఎండ సాయంత్రానికల్లా దిగిపోతుంది. మనం పడుకునే వేళకూ నెత్తిమీద సెగ తగ్గదు.

చౌడు పని కష్టమే. ఏటా వానలకు ముందు మోసి పైకెక్కించాలి, లేదంటే కారుతుంది. అది వద్దనుకోవడంలో తప్పులేదు. గోడలు గట్టిగా ఉంటే వాటినెందుకు పడగొట్టాలన్నదే నా బాధ. కప్పు ఒక్కటే మార్చుకుని, దాని మీద తెల్లగా సున్నం వేసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఎండను తిప్పికొట్టే ఇలాంటి కప్పుల కోసమే.

అలాగని ఈ మిద్దెను తీసుకెళ్లి కాకినాడలో కడితే ఉడికిపోతాం. కోస్తాలో రాత్రి కూడా ఉక్కే. పగలు తాగిన వేడిని వదిలించుకునే వ్యవధి గోడకు దొరకదు. అందుకే గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు కట్టుకున్నారు. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలు, వాలుగా పెంకు కప్పు. అక్కడ ఇంటిని కాపాడేది గాలి. మన ఊరి మట్టి, మన ఊరి రాయి అని మురిసిపోతే చాలదు, మన ఊరి రాత్రి ఎలాంటిదో కూడా తెలియాలి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు నాదొక మనవి. ప్లాను గీయించే ముందు నడివేసవిలో మీ స్థలంలో మంచం వేసుకుని ఒక రాత్రి పడుకోండి. తెల్లవారుజామున ఒళ్లు చల్లబడి నిద్ర పడితే గోడలు మందంగా పెట్టించండి. విసనకర్ర వదల్లేకపోతే మాత్రం ముందు గాలికి దారి చూడండి.